దూరం చూసి మోసపోకండి, వాలు చూడండి

"రెండు కిలోమీటర్లే కదండీ! అరగంటలో ఎక్కేసి దిగిపోదాం, ఆయ్!"

శీతాకాలంలో మారేడుమిల్లి వైపు వెళ్ళే గోదావరి జిల్లాల బృందాల్లో ఈ మాట అనేవారు తప్పకుండా ఒకరుంటారు. ఆయన అబద్ధమేమీ చెప్పడు. భీమవరంలోనో తణుకులోనో రెండు కిలోమీటర్లంటే పాతిక నిమిషాల నడక. పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచి, దారిలో టీ తాగి, పేపరు తిరగేసి ఇంటికొచ్చేసేంత దూరం. కానీ భీమవరం సముద్ర మట్టానికి పది మీటర్ల ఎత్తు కూడా లేదు. అమలాపురం అంతకన్నా పల్లం. మనం పుట్టి పెరిగిన చోట ఎక్కడమంటే ఏటిగట్టు ఎక్కడం, కాదంటే డాబా మెట్లెక్కడం. కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోడ్డు కం రైలు వంతెన మీద వెళ్ళినా ఎక్కేది బండే. అందుకే మన కాళ్ళకు దూరం కొలవటం వచ్చు, వాలు కొలవటం రాదు.

అదే రెండు కిలోమీటర్లు అడవిలో నాలుగు వందల మీటర్లు పైకి తీసుకెళ్ళే కాలిబాట అయితే? విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఇందుకో లెక్క కట్టాడు. మన కొలతల్లో చెప్పుకుంటే, ప్రతి అయిదు కిలోమీటర్ల దూరానికీ ఒక గంట, ప్రతి ఆరు వందల మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట. ఈ లెక్కన మన రెండు కిలోమీటర్లకు ఇరవై నాలుగు నిమిషాలు, నాలుగు వందల మీటర్లకు నలభై. మొత్తం అరవై నాలుగు. అది కూడా కొండలు అలవాటైన మనిషికి. పొలం గట్ల మీద తప్ప నడవనివాళ్ళు దానికి సగం కలుపుకోవాలి. ఆగి ఫోటోలు దిగేవాళ్ళ లెక్క నైస్మిత్‌కు కూడా అందదు.

నలభై నిమిషాలు ఎత్తు తిన్నది, ఇరవై నాలుగు నిమిషాలు దూరం తిన్నది. మనం అడిగి తెలుసుకున్నది మాత్రం దూరం ఒక్కటే.

జీవితంలో మనం చతికిలబడే చోట్లు కూడా చాలావరకు ఇలాంటివే. దూరమైన పనికి ముందే భయపడతాం కాబట్టి సిద్ధపడతాం. అమ్మాయి పెళ్ళి ఇంకా ఆరేళ్ళుందంటే ఇప్పటినుంచే చీటీ కడతాం. దగ్గరగా ఉండి నిట్టనిలువుగా ఉన్న పనికి మాత్రం చేతులూపుకుంటూ వెళ్ళిపోతాం.

పదో తరగతి దాకా ఊళ్ళో తెలుగు మీడియంలో చదివిన కుర్రాడు ఇంటర్‌కి రాజమండ్రి హాస్టల్లో చేరతాడు. కోర్సు రెండేళ్ళు. వాణ్ణి విరిచేసేది మొదటి రెండు నెలలు. తెలిసిన పాఠమే తెలియని భాషలో వస్తుంటుంది, పక్కవాడు అప్పుడే సగం సిలబస్ చదివేసి వచ్చి ఉంటాడు, అమ్మ చేతి కూడు ఉండదు. నాన్నకు ఫోన్ చేస్తే "రెండు నెలలేగా, అదే అలవాటైపోద్దిరా" అంటాడు. ఆయన చెప్పింది దూరం. కుర్రాడు ఎక్కుతున్నది వాలు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు గనుక ఒకరి మాట ఒకరికి ఎక్కదు. ఆ తండ్రి "మొదటి రెండు నెలలూ బాగా ఏటవాలుగా ఉంటుంది, మార్కుల సంగతి ఇప్పుడు వదిలెయ్, రోజూ క్లాసులో కూర్చుంటే చాలు, దసరా నుంచి చూద్దాం" అని ఉంటే కుర్రాడు అర్ధరాత్రి బస్సెక్కి ఇంటికొచ్చేవాడు కాదు.

పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి అన్నదమ్ములు మాట్లాడుకోవటం మానేస్తారు. "తప్పు నాదేరా తమ్ముడూ" అనటానికి పట్టేది మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లు ఎక్కలేక పదిహేనేళ్ళు ఒకరి గుమ్మం ఒకరు తొక్కని ఇళ్ళు మన ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తాయి. రొయ్యల చెరువులో పోయిన డబ్బు సంగతి ఇంట్లో భార్యతో చెప్పటం, పై అధికారికి "ఈ పని నావల్ల కాదండీ" అనటం, యాభై దాటాక అమెరికాలో మనవడి స్కూలు టీచరుతో ఇంగ్లీషులో మాట్లాడటం, ఇవన్నీ కొలిస్తే నిమిషాల పనులు. ఎక్కబోతే పిక్కలు పట్టేసే పనులు.

కాబట్టి ఏ పని ముందైనా ఎన్నాళ్ళు పడుతుందని అడగండి, తప్పులేదు. దాని వెంటనే ఇంకొకటి కూడా అడగండి. రోజువారీ బలంలో ఇది ఎంత వంతు తింటుంది? రెండో ప్రశ్నకు జవాబు పెద్దదైతే, పని ఎంత చిన్నదైనా సరే, ముందురోజు రాత్రి త్వరగా పడుకోవాలి.

మొదటి పది నిమిషాలు

అడవి బాట మొదట్లో కుర్రకారు దూసుకుపోతారు. మూడో మలుపు దగ్గర బండ మీద కూలబడి, సీసాలో నీళ్ళు సగం నెత్తిన పోసుకుంటూ కనిపిస్తారు. వెనకాల చీర చెంగు నడుముకు దోపుకుని, ఎవరితోనో కూతురి కాన్పు కబుర్లు చెప్పుకుంటూ వచ్చే అరవై ఏళ్ళ పిన్నిగారు వాళ్ళను దాటి వెళ్ళిపోతారు. ఇందులో మాయేమీ లేదు. నడక మొదలుపెట్టగానే కండరాలు ప్రాణవాయువు అడుగుతాయి. గుండె, ఊపిరితిత్తులు ఆ గిరాకీని అందుకోవటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా పరిగెత్తితే శరీరం అప్పు చేసి నడుస్తుంది. ఆ అప్పు వాలు మీదే, నిలబడి రొప్పుతూ తీర్చాలి.

సరైన వేగం ఎంతో తెలుసుకోవటానికి ఖరీదైన వాచీ అక్కర్లేదు. పక్కవారితో ఒక పూర్తి వాక్యం తెగకుండా మాట్లాడగలిగితే మీ వేగం సరిపోయినట్టు. రెండేసి మాటలకోసారి ఊపిరి అందుకోవాల్సి వస్తే ఎక్కువైనట్టు. పిన్నిగారు కబుర్లు చెబుతూ ఎక్కారంటే ఆ పరీక్షలో ఆవిడ అడుగడుగునా పాసవుతున్నారన్నమాట.

పర్వతారోహకులు దీనికి ఇంకో చిన్న కిటుకు నేర్చుకుంటారు. ప్రతి అడుగులోనూ వెనక కాలిని ఒక్క క్షణం నిటారుగా బిగించి, ఒంటి బరువును ఎముక మీద నిలబెడతారు. ఆ క్షణంలో ముందు కాలి కండరం సేదదీరుతుంది. విశ్రాంతి కోసం ప్రత్యేకంగా ఆగనక్కర్లేదు, ప్రతి అడుగులోనూ కాస్తంత దొరుకుతుంది. హిమాలయాల్లో పెద్ద బరువులతో ఎక్కేవాళ్ళు వాడే పద్ధతి ఇది. మన మెట్ల మీద కూడా ఇవాళే ప్రయత్నించి చూడవచ్చు.

దీన్ని బతుక్కి అన్వయించటానికి పెద్ద తెలివితేటలేం కావాలి? జనవరి ఒకటిన జిమ్‌లో గంటన్నర చేసి, నాలుగో తారీకున ఒళ్ళు నొప్పులతో మానేసే మనిషి, పోటీ పరీక్షకు మొదటి వారం రోజుకు పద్నాలుగు గంటలు చదివి మూడో వారం జ్వరం తెచ్చుకునే విద్యార్థి, కొత్త కోడలిగా వెళ్ళిన నెలలోనే ఇంటి పద్ధతులన్నీ మార్చేయాలని చూసే అమ్మాయి, వీళ్ళెవరూ సోమరులు కారు. ఉత్సాహమంతా వాలు మొదట్లోనే ఖర్చు చేసేశారు, అంతే. కొత్త పని మొదటి వారంలో మీకు "ఇంకా చెయ్యగలను కదా, ఎందుకు ఆపుతున్నాను?" అనిపించాలి. అలా అనిపిస్తోందంటే వేగం సరిగ్గా ఉంది.

ఘాట్ రోడ్డు ఎక్కితే తక్కువైపోరు

మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్ళే ఘాట్ రోడ్డు మెలికలు తిరుగుతూ పోతుంది. కొండ దారుల్లో రోడ్డుకు అడ్డంగా మన్యం వాళ్ళు నడిచే కాలిబాటలు తగులుతుంటాయి. ఒక మెలిక నుంచి పై మెలికకు నేరుగా, అడవిలోంచి. రోడ్డూ కాలిబాటా ఒకే చోటికి చేరతాయి. ఎక్కాల్సిన ఎత్తు రెండింటిలోనూ ఒకటే, అందులో ఒక్క అడుగు కూడా తగ్గదు. రోడ్డు వేసిన ఇంజనీరు చేసినదల్లా దూరం పెంచి వాలు తగ్గించటం.

మన వ్యక్తిత్వ వికాస ప్రసంగాల మీద నాకున్న పేచీ ఇక్కడే. వేదిక ఎక్కిన ప్రతివారూ కష్టమైన దారినే ఎంచుకోమంటారు. ఎందుకట? పై ఊరికి చేరటమే పనైనప్పుడు, సమయం చేతిలో ఉన్నప్పుడు, చుట్టు తిరిగే దారి పిరికితనం ఎలా అవుతుంది? నెలకు పద్దెనిమిది వేలు కట్టలేనివాడు కిస్తీ పదివేలకు తగ్గించుకుని ఏళ్ళు పెంచుకుంటాడు. వడ్డీ ఎక్కువ పడుతుంది, అది చుట్టుదారి ఖరీదు. కానీ ఇంట్లో బియ్యం ఉంటాయి. పరీక్షకు నెల రోజులు రాత్రింబవళ్ళు చదివేవాడికన్నా ఏడాదంతా రోజుకో గంట చదివేవాడు మలుపులు తిరుగుతూ ఎక్కుతున్నాడు. ఇద్దరూ పాసయితే, పాఠం ఆర్నెల్ల తర్వాత ఎవరికి గుర్తుంటుందో పందెం కాయవచ్చు.

నిట్టనిలువు బాట ఎక్కాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. వర్షం వచ్చేలా ఉన్నప్పుడు, పైన ఎవరో మన కోసం కాచుకుని ఉన్నప్పుడు, చుట్టు తిరిగే దారే లేనప్పుడు. తమ్ముడితో "తప్పు నాదే" అనటానికి చుట్టుదారి ఉండదు. మధ్యవర్తుల ద్వారా కబురంపితే మలుపులు పెరుగుతాయి, ఎత్తు ఇంకా పెరుగుతుంది. అది నేరుగా ఎక్కాల్సిందే.

ఇంతకీ మీరెక్కేది శిఖరమా, కనుమా?

కొండల వరసలో రెండు శిఖరాల మధ్య తగ్గి ఉన్న చోటు కనుమ. దాని మీదుగానే దారులు పోతాయి. కనుమకు చేరి నిలబడితే కుడిపక్క కొండ మీకన్నా ఎత్తుగా ఉంటుంది, ఎడమపక్కదీ అంతే. ఆ రెండింటినీ మీరు ఎక్కలేదు. ఎక్కనక్కర్లేదు కూడా. మీకు కావలసింది అవతలి పక్క.

పూర్వం ఉప్పు మూటలతో, కావిళ్ళతో తూర్పు కనుమలు దాటినవాళ్ళకు శిఖరాల మీద ఏ మాత్రం ఆసక్తి లేదు. ఈ వరసలో ఎక్కడ తక్కువ ఎత్తులో దాటవచ్చో వెతికారు. అంతెందుకు, గోదావరి తల్లి కూడా పాపికొండల దగ్గర కొండలను కోసుకుంటూ సందులోంచే వచ్చింది. మనకు మాత్రం చిన్నప్పటి నుంచీ శిఖరాల బొమ్మలే చూపించారు. క్లాసులో ఫస్టు, జిల్లాలో ఫస్టు, రాష్ట్రంలో ఫస్టు. రోజూ మాట్లాడే ఇంగ్లీషు రావాలనుకున్న అమ్మాయి షేక్‌స్పియర్ దగ్గర మొదలుపెట్టి వదిలేస్తుంది. షుగర్ అదుపులో పెట్టుకోవాల్సిన పెద్దాయన మారథాన్ బూట్లు కొంటాడు. వీళ్ళకు కావలసింది దాటటం. దాటటానికి ఎంత ఎత్తు చాలో తెలుసుకుని, అక్కడ ఎక్కి, అవతలికి దిగి, బతుకు బతకటం.

శిఖరమే కావాలనుకునే వాళ్ళుంటారు, వాళ్ళకు నమస్కారం. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో పుట్టిన మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఆమెతోపాటు ఎక్కాడు. వాళ్ళ శిక్షణ మొదలైంది ఎక్కడో మంచుకొండల్లో కాదు, భువనగిరి గుట్ట దగ్గర. పొట్టిదే, నిట్టనిలువుది. ఎవరెస్ట్ ఎక్కే పిల్లలు కూడా పొట్టి వాలు దగ్గర అక్షరాభ్యాసం చేయక తప్పలేదు. మన నెల్లూరు జిల్లా మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కేశాడు. అటువంటి మనిషి కూడా 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం పోగొట్టుకున్నాడు. శిఖరాల లెక్క వేరు, వాటి ఖరీదు వేరు.

మైదానం కుర్రాడు మన్యం నేర్చుకున్న తీరు

వాలును చదవటం ఎలాగో చెప్పాలంటే మనకు అల్లూరి సీతారామరాజును మించిన ఉదాహరణ లేదు. ఆయన్ను కొండల మనిషిగానే తలుచుకుంటాం గానీ, ఆయన కుటుంబానిది భీమవరం దగ్గరి మోగల్లు. చదువుకున్నది రాజమండ్రి, కాకినాడ, నరసాపురం వంటి ఊళ్ళలో. అంటే పుట్టింది విశాఖ జిల్లా పాండ్రంగిలోనే అయినా పెరిగింది మనలాగే చదునైన నేల మీద. 1917లో కృష్ణదేవిపేట చేరాడు. బ్రిటిష్ ప్రభుత్వంపై ఆయన తొలి దాడి చింతపల్లి పోలీసు స్టేషన్ మీద, 1922 ఆగస్టు 22న. మధ్యలో అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళలో ఆయన మన్యం వాళ్ళ మధ్య తిరిగాడు, వాళ్ళ కష్టం విన్నాడు, కొండలు నడిచాడు. 1882 మద్రాసు అటవీ చట్టం వాళ్ళ పోడు వ్యవసాయం మీద పడింది. ఘాట్ రోడ్డు పనుల్లో వాళ్ళ చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించుకున్నారు. ఈ బాధలన్నీ ఆయనకు కాగితాల్లో తెలియలేదు, నడకలో తెలిశాయి.

చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. తరువాతి నెల 24న దామనపల్లి ఘాట్. ఇరుకు దారి, రెండు పక్కలా అడవి. పోలీసు దళం ఒకరి వెనక ఒకరుగా నడుస్తోంది, అటువంటి బాటలో ఇంకోలా నడవటానికి వీలుండదు. రాజు మనుషులు ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చారు. వెనక వచ్చిన ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ అక్కడే చనిపోయారు. తుపాకులు ఎక్కువున్నది పోలీసుల దగ్గర, ఆ వాలు తెలిసింది రాజుకు. చివరికి ఆయన్ను పట్టుకోవటానికి ప్రభుత్వం అస్సాం రైఫిల్స్‌ను రప్పించాల్సి వచ్చింది. మైదానం పోలీసులతో కానిదని తేలిపోయింది గనుక కొండలకు అలవాటైన సైనికులు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ను కాల్చి చంపారు.

పోరాటంలో ఒప్పు తప్పుల చర్చ చరిత్రకారులకు వదిలేద్దాం. మనకు పనికొచ్చేది ఆ అయిదేళ్ళు. కొత్త చోటికి వెళ్ళినవాడు ముందు ఆ నేలను నడిచి చూడాలి. కొత్త ఆఫీసులో చేరిన మొదటి నెల సలహాలివ్వటం మానేసి, ఫైలు ఎవరి బల్ల దగ్గర ఆగుతుందో, ఎవరి మాట ఎవరు వింటారో, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో చూడండి. మేనేజ్‌మెంట్ కోర్సులో ఇవి చెప్పరు. ఆ ఆఫీసు వాలు అక్కడే ఉంటుంది.

వెనుదిరిగే వేళ

అడవిలో కొండ ఎక్కుతుంటే పైన ఆకాశం కనబడుతుంది, వచ్చేసిందనుకుంటాం. దగ్గరికి వెళితే అక్కడో మలుపు, దాని వెనక ఇంకో ఎత్తు. "ఇంకో పది నిమిషాలే" అనే మాట నలుగురి బృందంలో నాలుగైదుసార్లు వినబడుతుంది. డిసెంబరులో గోదావరి జిల్లాల్లో సాయంత్రం అయిదున్నరకే పొద్దు వాలిపోతుంది. చెట్ల కింద అంతకన్నా ముందే చీకటి. అందుకని బయల్దేరే ముందే, కాళ్ళలో బలం, బుర్రలో తెలివి ఉన్నప్పుడే, ఒక వేళ అనుకోవాలి. రెండు గంటలనుకుంటే రెండే. కనుమ కంటి ముందు కనబడుతున్నా సరే, రెండయితే వెనక్కి.

1996 మే 10న ఎవరెస్ట్ మీద ఈ నియమం తప్పింది. డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించే బృందాలు, అనుభవంలో దిట్టలైన రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ నాయకులు. మధ్యాహ్నం రెండు దాటాక కూడా చాలామంది పైకి నడుస్తూనే ఉన్నారు. తుఫాను పట్టేసింది. నాయకులిద్దరితో సహా ఆ బృందాల్లో అయిదుగురు చనిపోయారు. వాళ్ళకు కొండ తెలియక కాదు. అంత దూరం వచ్చి, అంత ఖర్చు పెట్టి, పైన శిఖరం కనబడుతుంటే వెనక్కి తిరగటానికి కావలసిన బలం అక్కడి గాలిలో మిగలదు. అందుకే ఆ నిర్ణయాన్ని కిందే తీసుకోవాలంటారు.

మన దగ్గర రొయ్యల చెరువులున్న ఇళ్ళలో ఈ కథ మంచు లేకుండా జరుగుతుంటుంది. మొదటి పంట పోతుంది. తెగులు వల్ల పోయింది, ఇంకో పంట వేస్తే రెండూ కలిసొస్తాయంటాడు ఇంటాయన. రెండోది పోతుంది. భార్య మెడలోవి వెళతాయి. మూడో పంటకు పొలం కాగితాలు వెళతాయి. పంట వేసేవాడు మూర్ఖుడని నేననను, చెరువు లాభాలు చూసిన ఊళ్ళవి. మొదటి పంటకు ముందే, మనసు చల్లగా ఉన్నప్పుడే, ఇంట్లో నలుగురూ కూర్చుని "ఇంత పోయిందంటే ఆపేస్తాం" అని ఒక అంకె కాగితం మీద రాసుకోవాలని మాత్రం అంటాను. సివిల్స్‌కి ఢిల్లీ వెళ్ళే పిల్లలూ అంతే. ఎన్ని ప్రయత్నాలు, ఏ వయసు దాకా అన్నది రైలెక్కే ముందు తేల్చుకోవాలి. నాలుగోసారి ఫలితాలు వచ్చిన రోజు రాత్రి ఆ లెక్క ఎవరికీ తేలదు.

వెనక్కి వచ్చినవాణ్ణి ఓడిపోయాడనటం మన ఊళ్ళ అలవాటు. మానుకోవాలి. రెండింటికి తిరిగి వచ్చినవాడు వచ్చే ఆదివారం మళ్ళీ వెళతాడు.

దిగటం గురించి ఒక్క మాట. అందరూ ఎక్కటానికే భయపడతారు, మరునాడు కుర్చీలోంచి లేవలేనిది దిగినందుకు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువును ఆపుతాయి, మోకాళ్ళ మీద దెబ్బ పడుతుంది. ఎవరెస్ట్ పైభాగంలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పోయింది కూడా దిగే దారిలోనే. బతుకులోనూ అంతే. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది, కోర్టు కేసు గెలిచిన మొదటి నెల, ఎన్నికల్లో నెగ్గిన వారం, వీటిలో మనుషులు జారినట్టు కష్టకాలంలో జారరు. చిన్న అడుగులు వెయ్యండి, చేతిలో కర్ర ఉంచుకోండి.

సరే, మొదలుపెట్టటం ఎలా? రాజమండ్రికి ఇరవై కిలోమీటర్ల దూరంలో కోరుకొండ ఉంది. నరసింహస్వామి గుడికి ఆరు వందలకు పైగా మెట్లు, చాలా నిటారుగా. గైడు అక్కర్లేదు, అనుమతులు అక్కర్లేదు, మెట్లెక్కి దణ్ణం పెట్టుకుని రావచ్చు. ఎండెక్కకముందే వెళ్ళండి. ఎక్కుతూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారో లేదో చూసుకోండి. గుండె జబ్బు, బీపీ, మోకాళ్ళ నొప్పులున్నవారు ముందు డాక్టరును అడగాలి, ఇందులో మొహమాటం పనికిరాదు. కోరుకొండ సుఖంగా ఎక్కి దిగగలిగాక మారేడుమిల్లి, రంపచోడవరం అడవుల సంగతి చూడవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానల్లో బాట జారుతుంది, జలగలుంటాయి, ఏజెన్సీలో మలేరియా బెడద ఉంది. పాపికొండల ప్రాంతంలో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా 2008 నుంచి జాతీయ పార్కు. అందులోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, బెల్లం వేసిన వేరుశనగ ఉండలు, టార్చిలైటు, పట్టు ఉన్న బూట్లు. పులిహోర క్యారేజీలు జీపులోనే ఉంచండి, పైకి మోసేది మీ మోకాళ్ళే.

ఇంకో సంగతి. మనకు సరదా అయిన ఆ వాలు మన్యంలో చాలా కుటుంబాలకు రోజూ నడిచే దారి. రోడ్డు పడని కొండ మీది ఊళ్ళ నుంచి పురుటి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను ఇప్పటికీ డోలీ కట్టి, భుజాల మీద మోసుకుంటూ, అదే బాటలో కిందికి దింపుతున్నారు. వాళ్ళ ముందు మన ఆయాసం గురించి గొప్పలు చెప్పుకోకండి. కొండ బాట పట్టినప్పుడు ఆ ఊరి కొండరెడ్డినో కోయవారినో దారి చూపటానికి తోడు తీసుకోండి. ఏ మలుపులో ఆగాలో, ఏ ఊట నీళ్ళు తాగవచ్చో, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ఆయనకు తెలుసు. ఆయన తిరుగుదామంటే తిరగండి. కూలి ఎంతో ముందే మాట్లాడుకుని, ఆయన చెప్పిన సొమ్ము బేరమాడకుండా చేతిలో పెట్టండి.